కేశవరావు గారి తొంభయ్యో కార్డు

మా కేశవరావు గారు దేన్నయినా చివర్నుంచే మొదలుపెడతారు. ఇందులో అతిశయోక్తి లేదు. ఉన్నా పావువంతుకు మించి ఉండదు. పత్రికని చివరి పేజీ నుంచి చదివేవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. ఈయన చివరి పేజీలో చివరి వరుస, అంటే అచ్చువేసినవారి చిరునామా నుంచి మొదలుపెడతారు. పెళ్లి శుభలేఖ చేతికిస్తే ముందు అడుగున ఉన్న ప్రెస్సు పేరు చూస్తారు. అక్షింతలు వేసేటప్పుడు కూడా పెళ్లికొడుకు పేరు ఆయనకి తెలియదు, ప్రెస్సు ఫోన్ నంబరు మాత్రం కంఠతా వచ్చు. ఘాజియాబాద్‌లో అన్ని చోట్లుండగా వైశాలిలోనే ఫ్లాటు ఎందుకు కొన్నారయ్యా అంటే, మెట్రో లైను అక్కడితో ఆఖరు కనక.

ఆయన మా సెక్షన్ ఆఫీసరు. కేంద్ర ప్రభుత్వంలో ఒకానొక శాఖలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ మాది. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరికి ప్రమోషన్, ఎవరు ముందు, ఎవరు వెనక అని జాబితాలు తయారుచేయడమే మా పని. ఆయన కింద ఏడేళ్లుగా ఆ జాబితాలు మోస్తున్న రవికిరణ్‌ని నేను. నెలకోసారి సెక్షనంతా కలిసి మన భోజనం కోసం అశోకా రోడ్‌లో ఎప్పుడూ కిటకిటలాడే తెలుగు క్యాంటీన్‌కి వెళ్తాం. ఆయన కూర్చోగానే పెరుగన్నం కలుపుతారు. వడ్డించే కుర్రాడు పెరుగన్నం చూసి, పాపం, భోజనం అయిపోయిందనుకుని పళ్లెం తీసేస్తాడు.

“అయ్యో, అయిపోయిందనుకున్నా సార్!”

“ఇప్పుడేగా మొదలైంది! ఇంకా చారుంది, కూరుంది. పప్పు దగ్గరికొచ్చాక లేస్తానయ్యా!”

ఈ లోగా ఆయన కుర్చీ వెనకాల నిలబడ్డ మనిషి కుర్చీలో సగం కూర్చునే ఉంటాడు. అలా మూడుసార్లు ఆయన ఖాళీ కడుపుతో లేచి వచ్చారు.

ఈ జబ్బు ఎప్పట్నుంచి అని ఒకసారి వాళ్లావిడ ఉమారాణి గారిని అడిగాను. “మా పెళ్లిచూపుల నాటికే ముదిరిపోయిందయ్యా,” అన్నారు ఆవిడ. “నన్ను చూడ్డానికొచ్చి, గుమ్మం దగ్గర కూర్చున్న మా చిన్నత్త మనవరాలితో మొదలెట్టారు. ఏం చదువుతున్నావు, పాట వచ్చా అని. అక్కడ్నుంచి ఒక్కొక్కళ్లనే పలకరించుకుంటూ నా దగ్గరికొచ్చేసరికి టిఫిన్లు చల్లారిపోయాయి. ఆ పిల్లకి ఇప్పటికీ ఈయనంటే ప్రాణం.”

ఇక ఈ పెద్దమనిషి సేకరించేది ఏమిటనుకుంటున్నారు? ఫుట్‌బాల్ కార్డులు. ఒకవైపు ఆటగాడి బొమ్మ, రెండోవైపు అతని లెక్కలు ఉండే అట్టముక్కలు. యాభై ఆరేళ్ల మనిషి, బంతిని కాలితో తన్నిన పాపాన పోలేదు, ఇంట్లో పన్నెండు బీరువా అరల నిండా కార్డులు. “క్రికెట్ కార్డులుండగా ఇవెందుకు సార్?” అని నేనడిగితే ఆయన నన్ను జాలిగా చూశారు.

“క్రికెట్‌లో పన్నెండోవాడు మంచినీళ్లు మోస్తూనైనా టీవీలో కనబడతాడయ్యా. ఫుట్‌బాల్‌లో రెండో గోల్‌కీపర్ ఆడగా వాళ్లమ్మ కూడా చూసి ఉండదు.”

ఢిల్లీ చుట్టుపక్కల కార్డులు సేకరించేవాళ్లు పాతిక మంది దాకా ప్రతి ఆదివారం వైశాలిలో, ఆయన సొసైటీ క్లబ్బు గదిలో చేరతారు. కొత్త సెట్టు ఏదొచ్చినా అక్కడ పరీక్ష జరగాల్సిందే. మామూలు సేకర్తలు ప్యాకెట్ విప్పగానే పేరుమోసిన ఆటగాడి కార్డు వెతుకుతారు, మెరుపు చూస్తారు, మూలలు నలిగాయేమో చూస్తారు. కేశవరావు గారు తిన్నగా చివరి నంబరు కార్డు తీసి, స్కేలుతో నాలుగు అంచులూ కొలిచి, భూతద్దం పెట్టి వెనకవైపు చదువుతారు. ఒక విదేశీ సెట్టులో చివరి ఆటగాడి వెనక ఇంకెవరిదో పుట్టినతేదీ పడింది. ఆయన భూతద్దం కింద పెట్టేశారు. ఢిల్లీలో ఆ సెట్టు కథ అంతటితో ముగిసింది. బాగుంటే మాత్రం “ఠీక్ హై” అంటారు. తొమ్మిదేళ్లలో ఆ మాట రెండుసార్లే అన్నారట.

అలాంటి మనిషి ముందుకి మా ప్రణతి తన సెట్టు పట్టుకుని రావాల్సి వచ్చింది.

ప్రణతిది కరీంనగర్. ఢిల్లీలో, జియా సరాయ్‌లో ఇద్దరం ఒకే సివిల్స్ కోచింగ్‌లో మూడేళ్లు రాజ్యాంగం బట్టీపట్టాం. నేను ఈ ఉద్యోగంలో పడ్డాను. ఆ అమ్మాయి నోట్సు అంచుల్లో గోల్‌పోస్టులు గీసీ గీసీ, చివరికి పుస్తకాలు కట్టగట్టేసి డిజైనింగ్ నేర్చుకుంది. ఇక్కడి అమ్మాయిల ఫుట్‌బాల్ లీగ్ మీద, ఆరు జట్లు, జట్టుకి పదిహేను మంది, మొత్తం తొంభై కార్డుల సెట్టు ఒంటిచేత్తో తయారుచేసింది. లజ్‌పత్ నగర్‌లో ఆటవస్తువుల దుకాణమున్న సర్దార్జీ మూడొందల సెట్లు తీసుకుంటానన్నాడు, కానీ ఒక షరతు: కేశవరావు గారు ఠీక్ హై అనాలి.

“గిది అచ్చుగాకపోతె డబ్బా సర్దుకోని ఇంటికొచ్చెయ్యమన్నడు మా నాయిన,” అంది ప్రణతి. “మళ్ల ఆ కోచింగ్‌లే, ఆ బట్టీలే. ఏమన్న ఉపాయం జెప్పు రవీ.”

ఆయన్ని నాకంటే ఎరిగినవాడెవడు? తెలివి పొంగుకొచ్చింది. “ఆయన చివర్నుంచి చూస్తాడు కదా. చివరి కార్డు అదిరిపోవాలి. నీ సెట్టులో అందరికంటే పెద్ద స్టార్ ఎవరు?”

“ఫరీదాబాద్ కెప్టెన్. ఒకటో నంబరు కార్డు ఆమెదే.”

“ఆవిడకే ఇంకో కార్డు వెయ్యి. తళతళలాడే రేకుతో. తొంభయ్యో నంబరుగా పెట్టు.”

“షీటుకు తొంభయ్యే పడ్తయి. ఒకటి పెడితె ఒకటి తియ్యాలె.”

తొంభయ్యో నంబరులో అప్పుడున్నది ఘాజియాబాద్ జట్టు రెండో గోల్‌కీపర్ భానుశ్రీ. ఒక్క మ్యాచూ ఆడలేదు. ఫోటోలో సగం మొహం బంతుల సంచి వెనక ఉంది. “ఇదెవరిక్కావాలి? తీసెయ్,” అన్నాను నేను. ఎంత సులువుగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ఆదివారం క్లబ్బు గది నిండిపోయింది. కేశవరావు గారు నమూనా సెట్టు అందుకుని, బోర్లా తిప్పి, తొంభయ్యో కార్డు తీశారు. రేకు మెరిసి సర్దార్జీ “వాహ్!” అన్నాడు. నేను ప్రణతికి కన్నుగీటాను. కేశవరావు గారు కొలవలేదు, భూతద్దం ముట్టలేదు. సంచీలోంచి ఒక కాగితం తీశారు. లీగ్ వాళ్లు అందరికీ తెలిసేలా పెట్టిన జట్ల జాబితా అది. దాన్నీ అడుగు నుంచే చదువుకుని వచ్చారని వేరే చెప్పక్కర్లేదు.

“ఘాజియాబాద్ జట్టు, పదిహేనో పేరు, భానుశ్రీ, గోల్‌కీపర్. ఈ అమ్మాయేదమ్మా?”

ప్రణతి మొహం పాలిపోయింది. “ఆమె... ఒక్క మ్యాచ్ గూడ ఆడలేదు సార్. ఆమె కార్డు ఎవరిక్కావాలె?”

“ఒకళ్లకి కావాలిగా.”

“ఎవరికి సార్?”

“ఆ అమ్మాయికి.”

గదిలో గొడవ లేచింది. “కేశవ్ జీ, ఏక్ కార్డ్ కే లియే?” అన్నాడు సర్దార్జీ. కేశవరావు గారు సెట్టుని మళ్లీ దొంతరగా సర్ది ప్రణతి చేతిలో పెట్టి, “వచ్చే ఆదివారం చూస్తాను,” అని లేచిపోయారు. ప్రణతి కళ్లనీళ్లు పెట్టుకుంది. “మీ సార్‌కు పిచ్చి రవీ. నీకు ఆయన కంటె ఎక్కువ పిచ్చి,” అని నా మొహం మీదే చెప్పి వెళ్లిపోయింది. రెండో మాట అప్పుడే ఒప్పుకోవాల్సింది.

బుధవారం సాయంత్రం ఆఫీసు కాగానే ఆయన నా భుజం తట్టారు. “పదవయ్యా, గ్రౌండుకి వెళ్లాలి. ఆ ప్రణతిని కూడా కెమెరాతో రమ్మన్నాను.” ఇద్దరం మెట్రో ఎక్కాం. ఏ పెట్టెలోనో మీకు తెలుసు. యమునా బ్యాంక్ స్టేషను దాటాక నాకిక ఆగలేదు.

“సార్, ఆ కార్డు తీసెయ్యమన్నది నేనే.”

“తెలుసు.”

“ప్రణతి చెప్పిందా?”

“ఆ పిల్ల నీ పేరెత్తలేదు. చివరి కార్డుకే తళుకు అంటించాలన్న బుద్ధి నన్నెరిగినవాడికే పుడుతుంది. ఏడేళ్లలో ఆ మాత్రం నేర్చుకున్నావు, సంతోషం.”

“ఒక్క పేరే కదా అనుకున్నాను సార్.”

ఆయన కిటికీలోంచి చూస్తూ, ఆఫీసులో ఫైలు సంగతి చెప్పినంత తాపీగా చెప్పారు. “నువ్వు చేరిన కొత్తలో మీ బ్యాచి ఉద్యోగాలు పర్మనెంటు చేస్తూ ఆర్డరు వచ్చింది, గుర్తుందా? మీరు ఇరవై మూడు మంది. టైపు చేసినవాడు పేజీ అయిపోయిందని ఇరవై రెండు దగ్గర ఆపేశాడు. మా పై అధికారి మొదటి నాలుగు పేర్లు చూసి, బాగుంది, సంతకానికి పెట్టండన్నాడు.”

“ఆ ఇరవై మూడోది...”

“నీదే. పరీక్షలో నీకొచ్చిన మార్కులకి ఆ చోటే వస్తుంది మరి!”

నాకు సిగ్గేసింది. ఆ ఆర్డరు అందిన రోజు మా నాన్న ఊళ్లో కనబడ్డవాళ్లందరికీ ఫోన్‌లో చదివి వినిపించాడు. నేను సెక్షనంతా మిఠాయి పంచాను, ఈయన కూడా ఒక ముక్క తీసుకుని అభినందించారు. ఏడేళ్లలో ఒక్కసారైనా ఈ సంగతి ఎత్తలేదు. చాదస్తమని మేం వెనకాల నవ్వుకున్న ఆ అలవాటు మీదే నా ఉద్యోగం నిలబడి ఉందన్నమాట. ఆయన సంచీ అందుకుని నా భుజాన వేసుకున్నాను. లక్ష్మీనగర్ వచ్చింది, వెళ్లింది.

గ్రౌండులో భానుశ్రీ గోల్‌పోస్టు వెనకాల నిలబడి బంతులు ఏరుతోంది. తెలుగింటి పిల్లే, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. కేశవరావు గారు సంగతి చెప్పగానే కంగారుపడింది.

“అంకుల్, మేరా కార్డ్? మై తో ఖేల్తీ హీ నహీఁ!”

“ఆడకపోతే ఏమ్మా, జట్టులో ఉన్నావా లేదా?”

“హాఁ, హూఁ.”

“అయితే నిలబడు.”

నిలబడమంటే ఆ పిల్ల ఎందుకు నిలబడుతుంది? మ్యాచుల్లో దొరకని అవకాశం ఫోటోలో దొరికింది. బంతి వెయ్యమంది, గాల్లోకి దూకింది, బురదలో పడింది. “ఔర్ ఏక్, అంకుల్! ఇస్ బార్ ఆంఖేఁ బంద్ హో గయీ థీఁ!” అంటూ, కళ్లు మూసుకుపోయాయని వంక పెట్టి, పదకొండుసార్లు దూకింది. మొదట్లో మూతి ముడుచుకుని వచ్చిన ప్రణతి, నాలుగో దూకుడికల్లా తనే నేలమీద బోర్లా పడుకుని ఫోటోలు తీస్తోంది. “ఎడమదిక్కు దూకు! అబ్బ, ఏం దూకినవే!” అని అరుస్తోంది. చూస్తున్న నాకు నవ్వూ ఆగలేదు, కళ్లూ తుడుచుకోవాల్సి వచ్చింది.

తర్వాత కార్డు వెనక ఏం రాయాలన్న ప్రశ్న వచ్చింది. ‘ఆడిన మ్యాచ్‌లు’ అన్న గడి దగ్గర ప్రణతి చెయ్యి ఆగిపోయింది. “సున్నా అని రాయబుద్ధయితలేదు సార్.”

కేశవరావు గారు అప్పటికే కోచ్ హాజరు పట్టీ అడిగి తీసుకుని, చివరి పేజీ నుంచి తిరగేస్తున్నారు. “రాయమ్మా, అబద్ధం ఎందుకు? దాని కిందే ఇంకో గడి పెట్టు. ‘ప్రాక్టీసుకి రాని రోజులు’ అని. రెండు సీజన్లూ చూశాను, అందులోనూ సున్నాయే.”

మళ్లీ ఆదివారం వచ్చింది. ఈసారి గదిలో భానుశ్రీ కూడా ఉంది, జట్టు మొదటి గోల్‌కీపర్ కావేరిని తోడు తెచ్చుకుంది. కేశవరావు గారు సెట్టు బోర్లా తిప్పి తొంభయ్యో కార్డు తీశారు. బురద మొహంతో, రెండు చేతులూ చాచి, నేలకి నాలుగడుగుల ఎత్తులో ఉంది భానుశ్రీ. స్కేలుతో నాలుగు అంచులూ కొలిచారు. భూతద్దం పెట్టి వెనకవైపు రెండుసార్లు చదివారు. ప్రణతి నా చెయ్యి పట్టుకుంది. గోళ్ల గుర్తులు రెండ్రోజులు పోలేదు.

“ఠీక్ హై,” అన్నారు ఆయన. అని, సెట్టు మూసేశారు.

ప్రణతికి నమ్మకం కలగలేదు. “సార్, ఇంక ఎనభై తొమ్మిది ఉన్నయి గద! అవి జూడరా?”

“ఎందుకమ్మా? చివరి పిల్ల కార్డు ఇంత శ్రద్ధగా చేసినదానివి, ముందువాళ్లవి పాడుచేస్తావా?”

సర్దార్జీ అక్కడికక్కడే ప్రెస్సుకి ఫోన్ చేశాడు. ప్రణతి వాళ్ల నాన్నకి చేసింది. సేకర్తలంతా నమూనా కార్డు చేతులు మార్చుకుంటూ, ఒక్క మ్యాచూ ఆడని ఆ అమ్మాయి చుట్టూ మూగి, సంతకం ఇమ్మన్నారు. “పూరా నామ్ లిఖూఁ యా ఛోటా?” అని, పూర్తి పేరు రాయాలో పొట్టి పేరు రాయాలో తెలియక ఆ పిల్ల కంగారు. అంతలో కావేరి గుంపుని తోసుకుంటూ వచ్చి, తన కార్డు కేశవరావు గారి ముక్కు ముందు పెట్టింది.

“అంకుల్, యే తో గలత్ బాత్ హై! మై ఫస్ట్ గోల్‌కీపర్ హూఁ, మేరీ ఫోటో ఆధార్ కార్డ్ జైసీ! ఔర్ యే హవా మే ఉడ్ రహీ హై!”

భానుశ్రీ గాల్లో ఎగురుతుంటే, మొదటి గోల్‌కీపరైన తన ఫోటో ఆధార్ కార్డులోలా ఉందని ఆ పిల్ల గొడవ. కేశవరావు గారు ఆ కార్డుని భూతద్దం కింద పరిశీలనగా చూశారు. ఎనభై తొమ్మిదో నంబరు.

“నిజమే తల్లీ,” అన్నారు. “కంగారుపడకు, తర్వాత నీ వంతే. నేను వెనకనుంచేగా వస్తున్నాను!”