సబేరా శరణార్థి కార్డు

తబిత ఖరగ్‌పూర్‌లోని ఒక ఆసుపత్రిలో ఆయా. ఒకరోజు స్టేషన్‌లో స్పృహతప్పి పడి ఉన్న సబేరాను తాల్‌బగీచాలోని తన ఇంటికి తెచ్చుకుంది. బర్మాలో ఊరు తగలబడితే పారిపోయి వచ్చిన రోహింగ్యా పిల్ల, గర్భిణి. శరణార్థి అని ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డు తప్ప ఆమెకు ఏ ఆధారమూ లేదు. ఎవరైనా తలుపు తడితే చాలు, మంచం కింద దూరేది.

నెల తిరగకుండానే పోలీసులు వచ్చారు. తబిత ఆ కార్డు పట్టుకుని జీపుకు అడ్డంగా నిలబడింది.

"ఎనిమిదో నెల దాదా! ఈ కార్డు సూడండి. ఎక్కడికి తీసికెల్తన్నారు?"

"ఆ కార్డు ఇక్కడ చెల్లదు," అన్నాడు ఎస్సై.

"దీదీ, నన్ను వెనక్కి పంపనివ్వకు!" అని సబేరా జీపులోంచి హిందీలో అరిచింది.

మర్నాడు తబిత సబేరాను చూడడానికి జైలుకు వెళ్లింది. "నా సెల్లెలు బాబూ," అంటే రుజువు అడిగి, చూడనివ్వకుండా తిప్పి పంపారు. వకీలును బతిమాలి, సబేరాను దేశం దాటించొద్దని కోర్టులో అర్జీ వేయించింది. అది విచారణకు రాకముందే ఆమెను సరిహద్దుకు తరలించేశారు. ఏ సరిహద్దుకో ఎవరూ చెప్పలేదు.

"అక్కడ నొప్పులొస్తే దానికి ఎవులున్నారు బాబూ?" అంటూ తబిత వకీలు బల్ల మీద తల వాల్చి ఏడ్చింది.