అల్మారా మీది మాదుర్ చాప

ఖరగ్‌పూర్ స్టేషన్‌లో ఆ చివర రైలు దిగినవాడు నా హోటల్ ఉల్లిపులుసు వాసన పట్టుకుని ఈ చివరికి నడిచొచ్చేవాడు. అంత పొడుగు ప్లాట్‌ఫారం ప్రపంచంలోనే లేదని మావాళ్ళు ఇప్పటికీ అంటారు. ఆ పులుసెలాంటిదో మీరే ఊహించుకోండి.

సరే, ఊహించుకోకండి. నా హోటల్ పూరీ గేట్ దగ్గర. అక్కణ్ణుంచి స్టేషన్‌కి వాసన చేరాలంటే తుఫానే మోసుకెళ్ళాలి.

రైల్వే ఉద్యోగాన్ని కాలదన్ని వ్యాపారంలో దిగానని కూడా చాలామందితో అన్నాను. అదీ కోతే. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను రైల్వే పరీక్ష మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పాను. అదే పరీక్ష కోసం మా సొంతూరు శ్రీకాకుళం వైపు నుంచి కుర్రాళ్ళు వచ్చేవారు. వాళ్ళలో ఒకడి చేతిలో న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని మా క్వార్టర్ నంబరు రాసిన చీటీ ఉండేది. నేను స్టేషన్‌కి వెళ్ళి చీటీ ఉన్నవాడితో పాటు లేనివాళ్ళని కూడా ఇంటికి తోలుకొచ్చేవాణ్ణి.

నా భార్య నా మేనమామ కూతురే. వంటింటి కిటికీలోంచి తలకాయలు లెక్కపెట్టి చారులో నీళ్ళు పోసేది.

“ఏటి బావా, ముగ్గురన్నావు, ఆరుగురున్నారు. రైలంతా దింపీసినావేటి?”

తిడుతూనే వరండాలో మాదుర్ చాప పరిచేసేది. మిడ్నాపూర్ గడ్డితో అల్లిన పెద్ద చాప, ఆరుగురు వరసగా కూర్చోవచ్చు. ఇంకొంచెం వెయ్యనా అని ఆవిడ ఎవర్నీ అడిగేది కాదు. ఒకసారి నేను అడగబోతే గరిటె లాక్కుంది.

“అడిగితే సాలంటాడు. ఊరుకాని ఊరొచ్చినోడు సాలనక ఏటంటాడు? అడక్కుండా ఎయ్యాల.”

ఆ కుర్రాళ్ళు పరీక్ష పాసయ్యారు. నేను మిగిలిపోయాను. వర్క్‌షాపులో చేరాక వాళ్ళే ఇంటి భోజనం క్యారేజీల్లో పంపమన్నారు. నా వ్యాపారం అలా మొదలైంది. కొన్నాళ్ళకి పూరీ గేట్ దగ్గర హోటలు, వంటమనిషి, బల్లలు. మా వడ్డనవాడు అన్నం కావాలా అని అడగడు, వేసుకుంటూ పోతాడు. ఆ పద్ధతి నా బుర్రలోంచి పుట్టిందని అందరికీ చెప్పుకున్నాను. ఇంజనీరింగ్ చదువులకి వచ్చిన తెలుగు పిల్లలు టోటోలనే బ్యాటరీ రిక్షాల మీద వచ్చి తిని, నా తెలివిని మెచ్చుకునేవారు. నేను సిగ్గుపడకుండా తల ఊపేవాణ్ణి.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది. హోటలు తెరిచిన దగ్గర్నుంచి మా ఇంటికి భోజనానికి ఎవరూ రాలేదు. రానివ్వనిది నేనే. “ఇంటికెందుకు, ఆవిడకి శ్రమ. హోటల్లో తినెయ్యండి” అనేవాణ్ణి. ఆవిడకి విశ్రాంతి ఇస్తున్నాననుకున్నాను. చాప చుట్టేసి అల్మారా మీద పెట్టాం. ఏటా చలికాలంలో ఆవిడ దాన్ని దింపించి, ఎండలో వేసి, దులిపి, మళ్ళీ నాచేతే పైన పెట్టించేది. పురుగు పట్టకుండా అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.

మొన్న చలికాలం ఎండలో చాప వేసి, దాని పక్కనే కూర్చుంది.

“బావా, ఊరందరికీ ఎడతన్నావు. నాకో మనిషిని తీసుకురా.”

“ఏ మనిషిని?”

“ఆకలేసినోళ్ళు ఎవురైనా. నా సేత్తో ఎట్టుకోవాల.”

నెల్లాళ్ళు తిరిగాను. పిలిచిన ప్రతివాడూ “ఎందుకండీ ఆవిడకి శ్రమ, హోటలుందిగా” అన్నాడు. నా మాటలే, పొల్లుపోకుండా.

ఇక అబద్ధమే దిక్కయింది. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతున్న ఒకమ్మాయి ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా హోటల్‌కి వస్తుంది. హోటలు కనబడక ముందే, మలుపులో ఆమె టోటో ఆపాను.

“గ్యాసైపోయిందమ్మా. హోటల్ మూసేశాను. ఇంటికి పద.”

వెనక వీధిలో నా హోటలు బల్లలన్నీ నిండి ఉన్నాయి.

కిటికీలోంచి ఒక్క తలకాయ కనబడగానే నా భార్య గుమ్మంలోకి వచ్చేసింది. ఏ బల్ల ఎక్కి దింపిందో, చాప అప్పటికే వరండాలో ఉంది.

“ఇయ్యాల ఏమేం ఉన్నయి?” అంది ఆ పిల్ల, హోటల్ అలవాటుకొద్దీ.

“ఉన్నయన్నీ నీకే. కూకో.”

ఆమె కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి “సాలు పెద్దమ్మా” అంది. నా భార్య ఆ చేతిని మెల్లిగా పక్కకి జరిపి పప్పు వేసింది. తరవాత ఎదురుగా చాప మీద కూర్చుంది. ఆ పిల్ల తినడం అయ్యేదాకా కదల్లేదు. హోటల్‌కి నేను ఈ ఇంట్లోంచి గరిటె ఒక్కటే పట్టుకెళ్ళాను. ఎదురుగా కూర్చునే మనిషి ఇక్కడే ఉండిపోయింది.

తిరిగి దిగబెట్టడానికి అదే టోటోలో వెళ్ళాం. వచ్చేటప్పుడు సందుల్లోంచి తెచ్చానుగాని, వెళ్ళే దారిలో పూరీ గేట్ ఉందన్న సంగతే మరిచాను.

“దాదూ, ఆప్‌కా దుకాన్ తో ఖులా హై!” అన్నాడు టోటోవాడు.

ఆ పిల్ల తెరిచి ఉన్న హోటలు చూసింది, నన్ను చూసింది. సిలిండరు ఇప్పుడే వచ్చినట్టుంది అనబోయాను.

“అంకుల్, మళ్ల గ్యాస్ ఎప్పుడైపోతది?” అంది.

ఇంటికొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. నా భార్య చాప చుట్టింది. పైన పెట్టమని నాకివ్వలేదు, తలుపు వెనక నిలబెట్టింది.

తరవాత సెలవులొచ్చి ఆ పిల్ల ఊరెళ్ళింది. చాప తలుపు వెనకే ఉంది. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి నేను మలుపులో నిలబడి, ఇంకెవరికైనా గ్యాసైపోయిందని చెబుదామని వచ్చే ప్రతి టోటోలోకీ తొంగిచూస్తున్నాను.