నాలుగిళ్ళ రుచియాత్ర

మొన్న ఆదివారం మా అమ్మాయి నన్ను మా భిలాయిలోనే స్మృతి నగర్‌లో ఎవరో నడుపుతున్న ‘ఫుడ్ వాక్’కి తీసుకెళ్ళింది. ఇంటింటికీ నడిచి వెళ్ళి ఇంటికో రుచి చూడడమట. మొదటి గుమ్మంలోనే ఒకావిడ చిన్న కాగితపు కప్పులో చెంచాడు కూర వేసి నవ్వుతూ అందించింది. ఆ కప్పు పట్టుకుని నేనక్కడే నిలబడిపోయాను.

తొంభైల్లో మా వారు పనిచేసే కాంట్రాక్టు కంపెనీ మూతపడింది. సెక్టర్ 7లో మేముంటున్న క్వార్టరు స్టీల్ ప్లాంటులో పనిచేసే మామయ్యగారిది, ఆయన రిటైర్మెంటుకి నెలలే మిగిలాయి, ఆ తరువాత క్వార్టరు ఖాళీ చెయ్యాలి. వెనక్కి పోదామంటే సొంతూరు శ్రీకాకుళం వైపు మాకు పొలమూ లేదు, ఇల్లూ లేదు. మా వారు రోజంతా గోడకేసి చూస్తూ కూర్చునేవారు. నేను పదో తరగతితో చదువు ఆపేసినా, టౌన్‌షిప్ లైబ్రరీలో చదవని బీరువా లేదని గర్వపడేదాన్ని. అక్కడే ఒక పాత పత్రికలో, విదేశాల్లో యాత్రికులను కోటలకి బదులు వంటిళ్ళకి తిప్పే వ్యాపారం ఉందని చదివి, మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టు దాన్ని పట్టుకున్నాను. మా వీధిలోనే నాలుగు రాష్ట్రాల వంటలున్నాయి కదా!

కరపత్రాలు హిందీలోనూ తెలుగులోనూ నేనే రాసి, స్టేషను దగ్గరా మార్కెట్లోనూ పంచాను. ఒక్కరూ రాలేదు సరికదా, ఎదురింటి పిన్నిగారు “అన్నానికి టిక్కెట్టేటమ్మా? రేపు మంచినీళ్ళకీ ఎడతావేటి?” అని వీధంతా వినేలా నవ్వింది. చివరికి రాయపూర్‌లో ట్రావెల్స్ నడిపే ఒకాయన, బస్సులో తన ప్రయాణికుల్ని తీసుకొచ్చి ఒక్కసారి చూస్తానన్నాడు. నచ్చితే ప్రతి ఆదివారమూ బస్సు వస్తుంది, మేము భిలాయిలోనే చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని బతకొచ్చు. నచ్చకపోతే ఇంకో దారి లేదు.

ముందు మా ఇల్లు, తరువాత బెంగాలీ దీదీ చేపలు, మలయాళీ వాళ్ళ అప్పాలు, చివర ఛత్తీస్‌గఢీ భాభీ ఆవిరి మీద ఉడికించే బియ్యప్పిండి ఫరాలు. ఏ ఇంట్లోనైనా రుచికి కొంచెమే పెట్టాలి, అప్పుడే నాలుగో ఇంటిదాకా ఆకలి నిలుస్తుందని పత్రికలో చదివినట్టే అందరికీ చెప్పాను. మా అత్తగారూ తలూపింది.

తీరా ఆ రోజు వాళ్ళు వచ్చి కూర్చున్నాక చూస్తే, అత్తగారు నిండు విస్తళ్ళు పరిచేసింది. ముద్దపప్పు, బీరకాయ నువ్వుపప్పు కూర, దప్పళం, పులిహోర. నేను కంగారుగా వంటింట్లోకి లాక్కెళ్తే, “చెంచాడు ఎట్టి తగిలేడానికి ఆళ్ళేటి పిల్లులేటే? మన గుమ్మం తొక్కినోళ్ళు!” అని నా చెయ్యి విదిలించుకుని మళ్ళీ గరిటె అందుకుంది. పాపం వాళ్ళు చాలు చాలని అరచేతులు విస్తళ్ళకి అడ్డం పెడుతుంటే, వేళ్ళ సందుల్లోంచే నెయ్యి పోసింది. భోజనాలయ్యాక ఒకాయన మా నవారు మంచం మీద గురక పెట్టాడు.

బెంగాలీ దీదీ ఇంట్లో ఒక్కరూ ముక్క ముట్టలేదు. తెల్లవారకుండా లేచి వండిన మిగతా ఇద్దరూ గుమ్మాల్లో నిలబడి, బస్సు తమ ఇళ్ళు దాటిపోవడం చూశారు. నేను బస్సు కిటికీ పట్టుకుని ఇంకొక్కసారి రమ్మని ఏడుపు గొంతుతో బతిమాలాను. ట్రావెల్స్ ఆయన మంచివాడే. “దీదీ, యే టూర్ నహీ, దావత్ హై,” అన్నాడు. విందుకి ఎవరైనా ఒక్కసారే వస్తారు. ఆ బస్సు మళ్ళీ రాలేదు.

నేను లోపలికొచ్చి కూలబడితే, అత్తగారు విస్తళ్ళు ఎత్తుతూ, “ఎవుల్నీ ఆకలితో పంపలేదు కదే,” అంది.

ఆ ఏడాదే ఊరి శివారున భిలాయి-3లో ఒంటి గదికి మారాం. మా వారు ఎక్కడెక్కడో కూలిపనులకి వెళ్ళారు. ఎలాగో బతికాం. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది.

మొన్నటి యాత్ర మాత్రం అచ్చంగా ఆనాటి పత్రికలో చదివినట్టే సాగింది. ప్రతి ఇంట్లోనూ ఒక కప్పు, ఒక నవ్వు, ఒక ఫోటో. వ్యాపారం బాగా నడుస్తోందట, నిజంగానే సంతోషించాను. కానీ ఏ గుమ్మంలోనూ ఇంకొంచెం వేసుకోమన్నవాళ్ళు లేరు. ఇంటికొచ్చి ఆకలేసి అన్నం వండుకున్నాను. కంచం ముందు కూర్చుంటే, చాలు చాలంటూ అరచెయ్యి అడ్డం పెట్టాలని ఎంతగా అనిపించిందో. ఎవరి గరిటెకని అడ్డం పెట్టను?