అత్తయ్య మోకాలు

ఆషాఢం వస్తే మా అత్తయ్యకు పూనకమే. గోరింటాకు తనే రోట్లో రుబ్బి, ఇంట్లో ఆడవాళ్ళెవర్నీ వదలదు. నేను గుంటూరులో ఐసీయూ నర్సును. డ్యూటీలో ఎర్రటి చేతులు బాగోవంటే ఇంతెత్తున లేస్తుంది. నిరుడు నేను తప్పించుకున్నాను గానీ, ఆవిడ పది వేళ్ళకూ టోపీల్లా నేనే పెట్టాను. బ్రహ్మాండంగా పండింది.

అప్పటికే ఆవిడ పాదానికి దెబ్బ ఉంది. చేలో కలుపు తీస్తుంటే పాత పత్తికట్టె మోడు గుచ్చుకుందట. పసుపు అద్దుకుని ఊరుకుంది, నాతో ఒక్క ముక్క అనలేదు. మూడో రోజుకు ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ మా ఐసీయూకే వచ్చింది. పుండులోని ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. సెలైన్, యాంటీబయాటిక్స్, బీపీ నిలిపే మందు మొదలుపెట్టాక మధ్యాహ్నానికి మానిటర్‌లో బీపీ బాగానే కనిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇలాంటి రోగులకు మేము వేలి కొసను పది సెకన్లు గట్టిగా నొక్కి వదులుతాం. తెల్లబడిన చోటికి మళ్ళీ ఎరుపు ఎన్ని సెకన్లలో వస్తుందో లెక్కపెడతాం. మూడు దాటితే సన్న నాళాలకు రక్తం సరిగా అందనట్టు. నేనూ నొక్కాను. వదిలీ వదలగానే ఎరుపు. అసలు తెల్లబడిందా లేదా అని చూడనే లేదు, 'రెండు సెకన్లు' అని షీటులో రాసేశాను. మొద్దుమొహందాన్ని! అది గోరింటాకు ఎరుపు. పెట్టిన చెయ్యి నాదే, చూసిన కళ్ళూ నావే.

రౌండ్స్‌కు వచ్చిన డాక్టరుగారు షీటు చూశారు, ఆవిడ చెయ్యి చూశారు.

"సిస్టర్, ఇది ఆవిడ రంగా, గోరింటాకు రంగా?"

ఆయన దుప్పటి తొలగించి మోకాలిచిప్ప నొక్కి వదిలారు. ఇద్దరం పైకే లెక్కపెట్టాం. ఆరు దాటితే గానీ రంగు రాలేదు.

"బీపీ బాగుంది కదా సార్?" అన్నాను.

"మోటారు ఆడితే చాలదమ్మా, చివరి సాలుకు నీళ్ళందాలి" అన్నారు. పొలం ఎరిగిన మనిషి.

అక్కణ్ణుంచి మా వైద్యమంతా ఆ మోకాలు చెప్పినట్టే. సెలైన్ కొంచెం ఎక్కించి నొక్కడం, బీపీ మందు మోతాదు మార్చి నొక్కడం. అరగంటకు ఐదు. ఇంకో అరగంటకూ ఐదే. ఆవిడకేమైనా అయితే ఆ పాపం నాదేనని అప్పుడే ఖాయం చేసుకున్నాను. డ్యూటీ అయిపోయినా కదల్లేదు. తర్వాత నాలుగు. పొద్దుగూకేలోపు మూడుకు దిగింది.

మళ్ళీ నొక్కుతుంటే అత్తయ్య కళ్ళు తెరిచింది.

"ఏమే, ఇంట్లో ఒక్కనాడు నా కాళ్ళు పట్టిన పాపాన పోలేదు. ఇక్కడ నలుగురి ముందూ తెగ పిసుకుతున్నావే!"

"మీరు మాట్లాడకండి అత్తయ్యా" అని భోరుమన్నాను.

ఆవిడ కోలుకుని ఇంటికొచ్చాక నా పొరపాటు చెప్పేశాను. దులిపేస్తుందనుకున్నాను. "ఊఁ" అని ఊరుకుంది. అది చూసే నాకు భయమేసింది.

మొన్న ఆషాఢంలో మళ్ళీ రోలు ముందు కూర్చుంది. నా చేత తొమ్మిది వేళ్ళకు పెట్టించుకుని, కుడి చూపుడువేలు వెనక్కి లాక్కుంది.

"దీన్ని ఇలా ఉండనియ్. నువ్వు చూసుకోవద్దూ?"

ఆ వేలు పట్టుకుని ఊరికే నొక్కి వదిలాను. తెల్లబడింది. ఒకటి అనేలోపే ఎర్రబడింది.