వెయ్యో రోజున పదకొండు

నాచారం పారిశ్రామికవాడలో టిఫిన్ డబ్బాలకు మూతలు చేసే ఆ ఫ్యాక్టరీకి ఇద్దరు పెద్దమనుషులున్నారు. ఒకరు యజమాని. ఆయన ఎవరికీ కనపడడు. రెండోవాడు హన్మయ్య. ఆయన రోజూ పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర స్టూలెక్కి అందరికీ కనపడతాడు.

ఇరవై ఆరేళ్ల కిందట జనగామ వైపు నుంచి వచ్చి హెల్పరుగా చేరాడు. రేకును మూతగా నొక్కే ప్రెస్సు మిషను నేర్చుకున్నాడు, చిల్కానగర్‌లో రెండు గదుల ఇల్లు కట్టాడు, ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేశాడు. ఇంత చేసినా ఆయన నోటివెంట వచ్చే గొప్ప ఒక్కటే: బోర్డు. పైన 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు' అని రాసి, కింద మూడు కొక్కేలకు అంకెల రేకులు వేలాడే ఆకుపచ్చ బోర్డు. రోజూ రేకు మార్చేది ఆయనే. మార్చి, ఫోటో తీసి, వాట్సాప్ స్టేటస్ పెట్టేవాడు. బోనాలనాడు ఫ్యాక్టరీకి సెలవైనా సైకిలు మీద వచ్చి మార్చిపోయేవాడు. సెలవునాడు ప్రమాదం ఎట్లా జరుగుతుందని వాచ్‌మన్ మొగిలయ్య నవ్వితే, "జరగలే గదా, అందుకే మారుస్తున్న" అనేవాడు.

బోర్డు మీద తొమ్మిది వందల ఎనభై తొమ్మిది ఉన్న రోజు మధ్యాహ్నం, ప్రెస్సు మీద పనిచేసే సుబ్బులు అనే ఆమె కుడిచేతి వేళ్లు రెండు దాని కింద నలిగిపోయాయి. చేయి లోపలికి పోకుండా అడ్డుండే జాలీని పని నిదానమవుతోందని ఎప్పుడో తీసేశారు. పక్క మిషను మీదున్న హన్మయ్యే ఉరికొచ్చి స్విచ్చి ఆపాడు, తువ్వాలు చుట్టాడు, ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాడు. వేళ్లు దక్కలేదు.

తిరిగొచ్చేసరికి మేనేజరు గోపాలరావు కబురు పెట్టాడు. గోపాలరావుది గుడివాడ. మెడలో ఐడీ కార్డు, మొహాన ఎప్పుడూ చెదరని ఓర్పు. ఎంత పెద్ద కష్టాన్నయినా చిన్న ఇంగ్లీషు మాటలో సర్దేయగలడు. టేబుల్ మీద కాగితం సిద్ధంగా ఉంది.

"చూడు హన్మయ్యా, యాక్సిడెంటు వేరు, ఇన్సిడెంటు వేరు. ఏదైనా ఒకటి జరిగితే అది ఇన్సిడెంటు. కరెంటు పోయినా ఇన్సిడెంటే, పిల్లి లోపలికొచ్చినా ఇన్సిడెంటే. అందులో మనిషికి నష్టం జరిగితేనే యాక్సిడెంటు."

"వేళ్లు వోయినయి గద సార్."

"రెండో చెయ్యి ఉందిగా. నష్టం జరిగిందో లేదో తేల్చేది మేనేజిమెంటు. ఇంకో పదకొండు రోజుల్లో వెయ్యి అవుతుంది. హెడ్డాఫీసు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు, అందరికీ ప్రెషర్ కుక్కర్లు ఆర్డరిచ్చాం. నీ బోర్డయ్యా ఇది! సాక్షి సంతకం పెట్టు."

నీ బోర్డు అన్న మాటకు మనిషి కరిగిపోయాడు. ఇన్సిడెంటు అని రాసిన కాగితం మీద సంతకం పెట్టేశాడు. తడుముకోకుండా పెట్టాడు, అలవాటైన సంతకమే కదా! నాలుగు వందల పన్నెండో రోజున ఆయన ఎడమచేతి చిటికెనవేలు ఇదే ప్రెస్సు కింద పోయింది. అప్పుడూ అది ఇన్సిడెంటే. మర్నాడు కట్టుతోనే స్టూలెక్కి నాలుగు వందల పదమూడు వేశాడు. ఐదు వందల రోజులు నిండినప్పుడు అందరితోపాటు ఆయనకూ గోడగడియారం ఇచ్చారు. సిగ్గుపడాల్సింది పోయి, దాన్ని ఇంట్లో వచ్చేవాళ్లకు ఎదురుగా తగిలించాడు.

వారం తిరిగాక సుబ్బులు కట్టుకట్టిన చేయి మెడకు వేలాడదీసుకుని హన్మయ్య ఇంటికొచ్చింది. మొగుడు లేడు, ఆ జీతమే ఆధారం. వేళ్లు పోయినందుకు నెలనెలా పింఛను రావాలంటే, పనిలో యాక్సిడెంటు జరిగినట్టు కంపెనీ కాగితం ఉండాలని బీమా ఆఫీసులో చెప్పారట. ఇన్సిడెంటుకు ఏమీ రాదట.

"అన్నా, నువ్వే గద సూసినవ్. నా వేళ్లు ఏడ వోయినయో నువ్వే జెప్పు."

హన్మయ్య లేచి ఆమెకు కుర్చీ జరిపాడు. ఆయన భార్య ఉప్పలమ్మ చాయ్ గ్లాసు సుబ్బులు ఎడమచేతికి అందించి, మొగుడి వైపు తిరిగింది.

"గా గడియారంల టైం సూసినప్పుడల్లా నాకు నీ వేలే యాదికొస్తది. ఇప్పుడు కుక్కర్ గూడ తెస్తవా? నేను దాంట్ల వండ. చెప్తున్న."

మర్నాడు హన్మయ్య తన సంతకం వెనక్కి ఇమ్మని అడిగాడు. సంతకం అరువిచ్చిన గొడుగు కాదన్నాడు గోపాలరావు. హన్మయ్య తన మిషను దగ్గరికి వెళ్లిపోయాడు.

వెయ్యో రోజు వచ్చింది. బోర్డుకు నాలుగో కొక్కెం వెల్డింగు చేయించారు. వెయ్యిదాకా వస్తుందని తయారుచేసినవాళ్లు కూడా అనుకోలేదు మరి! పట్టుగుడ్డ కప్పి, బంతిపూలు చుట్టి, రేకులు తగిలించే గౌరవం హన్మయ్యకే ఇచ్చారు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దాయన తాడు లాగాడు. గుడ్డ జారింది. రెండు కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. మిగతా రెండింటికి ఒకట్లు వేలాడుతున్నాయి.

వెనక నిలబడి బోర్డు కనపడనివాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఇదేమిటి, పదకొండు?" అన్నాడు పెద్దాయన.

"అవ్ సార్. సుబ్బులు వేళ్లు వోయి పదకొండు దినాలు."

ఆ పూట ప్రసంగాలు లేవు. కుక్కర్లు అట్టపెట్టెల్లోనే స్టోరుకు వెళ్లిపోయాయి. సుబ్బులు కోసం ఒక్కరూ నోరు విప్పలేదు గానీ, కుక్కరు పోయిందని హన్మయ్యను తిట్టనివాడు లేడు. మొగిలయ్య అయితే సాయంత్రం గేటు దగ్గర మొహం తిప్పుకున్నాడు.

గోపాలరావు ఓర్పు ఆరోజే చెదిరింది. మధ్యాహ్నం తానే కూర్చుని మెమో టైపు చేశాడు. 'పదకొండు రోజుల క్రితం ప్రెస్ విభాగంలో పనిచేస్తుండగా సుబ్బులుకు జరిగిన యాక్సిడెంట్‌ను అనుమతి లేకుండా అతిథుల ముందు బయటపెట్టి, కంపెనీ పరువు తీసినందుకు' మూడు రోజులు సస్పెన్షన్. హన్మయ్య దాన్ని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివాడు.

"సార్, ముద్ర సక్కగ వడలే. జర ఇంకోపాలి గుద్దుండ్రి."

కోపం మీదున్న గోపాలరావు టేబుల్ అదిరేలా గుద్దాడు. కంపెనీ పేరు అక్షరం అక్షరం స్పష్టంగా పడింది.

సస్పెన్షన్ మొదటి రోజు పొద్దున్నే హన్మయ్య ఆ మెమో పట్టుకుని, సుబ్బులును వెంటబెట్టుకుని బీమా ఆఫీసు మెట్లెక్కాడు. గుమస్తా మెమో చదివి, కళ్లజోడు తీసి హన్మయ్యను చూశాడు. మళ్లీ చదివి, దరఖాస్తు ఫారం ముందుకు జరిపాడు. ప్రమాదం జరిగిన తారీకు అడిగితే హన్మయ్య ఆలోచించకుండా చెప్పాడు. ఇక మిగిలింది సంతకం. సుబ్బులు ఎడమచేత్తో పెన్ను పట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ చేత్తో తన పేరు రాయడం మొదలుపెట్టింది. కాగితం జరిగిపోతుంటే హన్మయ్య తన ఎడమచెయ్యి దాని మీద ఆనించి, ఉన్న నాలుగు వేళ్లతో గట్టిగా అదిమిపట్టాడు.