కంప్రెసర్ తాగిన మూడు లీటర్లు

2016 జూన్ 14, మంగళవారం, ఉదయం 9 గంటల 40 నిమిషాలు. ఛత్తీస్‌గఢ్‌లోని బచేలి ఇనుప ఖనిజం గనిలో మెయింటెనెన్స్ అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్న నా బల్ల మీదికి ఒక ఛార్జి మెమో వచ్చింది. కంప్రెసర్ ఆపరేటరు అప్పలరాజు రోజుకు మూడు లీటర్ల చమురు బయటికి తరలిస్తున్నాడని ఆరోపణ. రుజువైతే ఉద్యోగం పోతుంది. శుక్రవారంలోగా నేను సంతకం చేయాలి.

అది గాలిని నొక్కి ట్యాంకులో నింపే పిస్టన్ కంప్రెసర్. కింది పెట్టెలోని చమురు, పిస్టన్లను ఆడించే క్రాంకు ఇరుసుకు, పిస్టన్లకు అందుతుంది. స్టోర్లో డ్రమ్ములు అప్పలరాజు సంతకం మీదే ఖాళీ అవుతున్నాయి; నేల మీద మాత్రం చుక్క లేదు.

"మేడమ్, ఇది కంప్రెసరా, పకోడీల కడాయా? ఇంత తేల్ ఎక్కడికి పోతది?" అన్నాడు ఫోర్‌మన్ తివారీ, నూనెను హిందీలోనే పలుకుతూ.

అప్పలరాజు విజయనగరం వైపు మనిషి. "నానేటమ్మా, ఆ నూనెట్టి దోసెలేసుకుంటన్నానా? పోసిందంతా దాన్లోనే పోసినాను" అన్నాడు.

గాలి నిల్వ ఉండే ట్యాంకు అడుగున, తేమ వల్ల చేరిన నీళ్లు వదిలే డ్రెయిన్ వాల్వు నేరుగా కాలువలోకి తెరుచుకుంటుంది. అందులో ఏం పోతోందో ఎవరూ చూడలేదు. 10:30కి దాని కింద డబ్బా పెట్టించాను. ఇరవై నాలుగు గంటల నీటిని బుధవారం సాయంత్రం దాకా కదపకుండా ఉంచి, పైకి తేలిన చమురు కొలిచాను. రెండు లీటర్ల ఆరువందల మిల్లీలీటర్లు. దొంగ దొరికాడు, వాడికి కాళ్లు లేవు.

కారణం గురువారం తేలింది. యంత్రం ఆపి ఇరవై నిమిషాలు ఆగాను. మట్టం చూసే గాజు కిటికీలో రెండు గీతల మధ్య ఉండాల్సిన చమురు, గాజును పూర్తిగా నింపేసింది. నడిచేటప్పుడు చమురు పైకి చెదిరి, గాజులో తక్కువగా కనిపిస్తుంది. రోజుకు మూడు షిఫ్టుల్లోనూ, షిఫ్టు అప్పగించే ప్రతివాడూ మాట పడకూడదని, నడుస్తున్న యంత్రంలోనే పైగీత దాకా ఒక లీటరు పోస్తున్నాడు. ఎక్కువైన చమురును క్రాంకు సిలిండర్లలోకి ఎగజిమ్మితే, అది పిస్టన్ రింగులు దాటి గాలితో పాటు ట్యాంకులో చేరింది. చమురు తగ్గితే షిఫ్టులో ఉన్నవాడిదే బాధ్యతని మే 31న నోటు పెట్టింది నేనే.

చమురును మధ్య మట్టానికి దించి, యంత్రం ఆపాకే చూడాలని కొత్త నోటు పెట్టాను. శుక్రవారం మెమోను సంతకం లేకుండా, కొలతల కాగితం జతచేసి వాపసు పంపాను. మేనేజరు దాన్ని నా ముందే రద్దు చేశారు. ఆ మధ్యాహ్నం అప్పలరాజు తరవాతి ఆపరేటరుకు షిఫ్టు అప్పగిస్తూ, "గాజు సగమే ఉంది. నన్నేటీ అడక్కు, మేడమ్‌నడుగు" అన్నాడు. తరవాతి పది రోజుల్లో పోసిన చమురు మొత్తం నాలుగు లీటర్లు.

చమురు మట్టం యంత్రం ఆగాకే చూడాలి. మనిషి మీద రాసే ముందు డ్రెయిన్ చూడాలి.

నష్టం: జూన్ 1 నుంచి 15 వరకు చమురు 45 లీటర్లు. ఎక్కువైన చమురు మాడి, మసి కట్టి పాడైన కంప్రెసర్ వాల్వు ప్లేట్లు నాలుగు. యంత్రం ఆగిన సమయం ఆరు గంటలు.