సగంలో ఆగే సినిమా

సినిమాల కోసం కొన్న నా ల్యాప్‌టాప్‌ వేడెక్కి ఆగిపోతుంటే, మూడోసారి రిపేరుకు అమలాపురం తీసుకెళ్తున్నాను. గన్నవరం అక్విడెక్టు వంతెన మీద ముందు లారీ చెడిపోయి మా బస్సు ఇరుక్కుపోయింది. దిగడానికి కూడా సందు లేదు.

పక్కసీటు పెద్దాయన నా ఒళ్లోని సంచీ ఏంటని అడిగి, సంగతి విని, "మాదీ అంతేనండి, అరగంటకే ఆగిపోద్ది. మంచం పట్టిన మా ఆవిడ కోసం కొన్నానండి," అన్నారు.

"బాగుచేయించలేదాండీ?"

"ఆయ్, చాలాసార్లు చేయించేనండి. మళ్ళీ అంతే. ఇప్పుడు సినిమాలో మిగతా కథ నేనే కల్పించి చెప్తన్నానండి. ఆవిడకి తెలుసండి. అయినా 'తర్వాతేమైంది?' అని రోజూ అడుగుద్దండి."

రిపేరైన పది రోజులకు నాది మళ్ళీ సినిమా మధ్యలో ఆగింది. మిగతా కథ అడిగేవాళ్లు నా గదిలో ఎవరూ లేరు.